పని మానిన చేతులు

బలవంతుడు బలహీనుని పీడించునప్పుడు ఆ బలహీనుని చేతిలో ఆయుధ మేమున్నది? ఓటు లేదు, తుపాకి లేదు, ధనము లేదు, న్యాయస్థానమున నతని మాటకు విలువ లేదు, అతని మొఱ ప్రభువుల చెవి కెక్కదు. చరిత్రపాఠములు చదువు ప్రతి విద్యార్థికిని ఈ ప్రశ్న ఎప్పుడో యొకప్పుడు తోచియే యుండును. దీనికి సమాధానముగా లోకములోని పీడితజాతులు పలుచోట్ల కనుగొన్న ఆయుధ మొకటి కలదు. తాను చేయు పనిని మానుట, తాను కొను వస్తువును మానుట, తాను ఎక్కు బండిని మానుట అను మూడు రూపములలో అది కానవచ్చును. వాడుకలో దీనినే సమ్మె యనియు, బహిష్కార మనియు చెప్పుచున్నాము.

జాత్యహంకారమునకు మూలమున ఒక పెద్ద అసత్య ముండును. చర్మపు రంగును బట్టి మనిషిని తక్కువవానిగా నెంచువాడు ఆ మనిషి చేసిన పనిని మాత్రము తక్కువగా నెంచడు. అతడు త్రవ్వి తీసిన బొగ్గుతోనే తన రైలును నడిపించుకొనును. అతడు నరికిన చెఱకుతోనే తన తేనీటిని తీపిచేసికొనును. అతని భార్య ఉతికిన బట్టలనే కట్టుకొని సభలకు పోవును. "మీవలన మాకేమి ప్రయోజనము?" అని పలుకుచునే ఆ మనిషిని పని వదలి పోనీయడు. పని మానిన నాడు ఈ అసత్యము పగటివెలుగులో బయటపడును. ఎవరిమీద ఎవరు ఆధారపడి యున్నారో ఆనాడు ఇరుపక్షములకును తెలియవచ్చును.

కాని సమ్మెనుగూర్చి మన పుస్తకములలో చదువునది సగమే యని నా యభిప్రాయము. ఏ నాయకుడు పిలుపిచ్చెను, ఎన్ని వేలమంది పని మానిరి, ఏ చట్టము రద్దయ్యెను అనునంతవఱకే మనము నేర్చుకొనుచున్నాము. పని మానిన వాని యింట మఱునాడు పొయ్యి ఎట్లు వెలిగినది? వాని పిల్లలకు గంజి ఎవరు పోసిరి? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకిననాడే ఆ సమ్మె ఏల గెలిచినదో మనకు తెలియును. ఆకలిని పంచుకొనలేని సంఘమునకు సమ్మె చేయు శక్తి లేదు. దక్షిణాఫ్రికానుండియు, అమెరికానుండియు గైకొన్న దృష్టాంతములతో ఈ మాటను నిరూపింప ప్రయత్నింతును.

మొదటి దృష్టాంతము మనవారి కథయే. చెన్నపట్టణమునుండి కూలీలను తీసికొని బయలుదేరిన 'ట్రూరో' అను ఓడ 1860 నవంబరు 16వ తేదీన నేటాలు దేశములోని డర్బను రేవును చేరెను. అది మొదలు 1911 వఱకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒడంబడిక కూలీలుగా అచ్చటికి పోయిరి. వారిలో మూడింట రెండు వంతులమంది మదరాసు రాజధానివారు. తమిళులతోపాటు నేడు ఒడిషాలోనున్న గంజాం జిల్లానుండియు, విశాఖపట్టణము జిల్లానుండియు, నాటి ఉత్తరార్కాటు జిల్లానుండియు వేలకొలది తెలుగువా రందున్నారు. మన పత్రికను చదువు తల్లిదండ్రులలో కొందఱి పూర్వుల గ్రామములనుండియు ఎవరో యొకరు ఆ ఓడలెక్కియుండిన నాశ్చర్యము లేదు.

ఒడంబడిక ఐదేండ్లు. కూలి మొదటి సంవత్సరము నెలకు పది షిల్లింగులు. ఆపైన ఏటేట నెలకొక షిల్లింగు చొప్పున పెంపు. యజమాని తోటను అనుమతి లేక దాటిన నేరము. పనికి పోకున్న నేరము. సాధారణ కూలివాడు పని మానిన కూలి పోవును; నేటాలులో ఒడంబడిక కూలివాడు పని మానిన చెఱసాలకు పోవును. ఐదేండ్లు గడచిన పిమ్మట స్వేచ్ఛగా బ్రదుకవచ్చునని యాశపడినవారికి 1895లో చేసిన చట్టము అడ్డు తగిలెను. తిరిగి ఒడంబడికలో చేరక, స్వదేశమునకు పోక, అచ్చటనే నిలువగోరు ప్రతివాడును ఏటేట మూడు పౌనుల పన్ను చెల్లింపవలెను. మూడు పౌను లనగా అఱువది షిల్లింగులు. కొత్త కూలివాని ఆఱునెలల జీతము. తరువాత ఈ పన్నును పదునాఱేండ్లు దాటిన బాలురకును, పదుమూడేండ్లు దాటిన బాలికలకును గూడ విధించిరి. తల్లి, దండ్రి, ఎదిగిన కొడుకు, ఎదిగిన కూతురు గల యింటికి ఏడాదికి పండ్రెండు పౌనులు! ఆ యింటి యజమాని సంపాదన నెలకు పదునాలుగు షిల్లింగులు దాటదు. కట్టలేనివాడు మరల ఒడంబడికకు వ్రేలిముద్ర వేయవలసినదే. ఆ పన్ను ఉద్దేశము ధనము రాబట్టుట కాదు; మనిషిని తిరిగి కట్టివేయుట, లేదా తరిమివేయుట.

మనవా రూరకుండలేదు. 1894లో నేటాలు భారతీయ కాంగ్రెసు స్థాపింపబడెను. అర్జీలు వ్రాసిరి, సంతకములు సేకరించిరి, రాయబారములు పంపిరి. అయినను 1896లో భారతీయుల శాసనసభా ఓటు హక్కు తొలగింపబడెను. 1912లో గోపాలకృష్ణ గోఖలే దక్షిణాఫ్రికాకు పోయి మంత్రులతో మాటలాడి, పన్ను రద్దగునని నమ్మి తిరిగివచ్చెను. అది జరుగలేదు. 1913 మార్చిలో కేప్ న్యాయస్థానపు తీర్పొకటి క్రైస్తవ పద్ధతిని జరుగని భారతీయ వివాహములకు చట్టములో చోటు లేదని తేల్చెను. హిందువుల, ముసల్మానుల, పారసీకుల యిల్లాండ్రందఱు చట్టము దృష్టిలో భార్యలు కాకపోయిరి. ఇఱువది యేండ్ల అర్జీల పిమ్మట అర్జీలకు చోటు మిగులలేదు.

ఆ సంవత్సరము అక్టోబరు నెలలో, ట్రాన్సువాలునుండి వచ్చిన పదునొకండుగురు స్త్రీలు న్యూకాసిల్ బొగ్గుగనుల కూలీల నివాసములకు పోయిరి. వారిలో పెక్కుమంది తమిళులు; కొందఱి చంకలో పసిబిడ్డలున్నారు. వారితో కూడ నుండి నడిపించినవాడు తంబి నాయుడు. ఈయన మారిషసు ద్వీపములో పుట్టెను, బడిలో చదువుకొనలేదు. తమిళము మాటలాడును, తెలుగు కొంత యెఱుగును. కాని తెలుగు అక్షరములు ఎఱుగడని గాంధీజీయే వ్రాసియున్నాడు. ఆ స్త్రీలు గనికూలీలకు పన్నునుగూర్చి చెప్పిరి. పని మానుడని కోరిరి. అక్టోబరు మధ్యనాటికి సమ్మె ఆరంభమయ్యెను. కొలదిదినములలో ఆ స్త్రీలను పట్టుకొని మూడు నెలల కఠినశిక్ష విధించిరి. దానితో సమ్మె ఆగకపోగా గనినుండి గనికి ప్రాకెను. నెల ముగియునప్పటికి నాలుగైదు వేలమంది గనికూలీలు పని విడిచిరి.

నేను చెప్పదలచిన రెండవ సగము ఇచ్చటనే కలదు. గనికూలీలు నివసించునది యజమాని గుడిసెలలో. త్రాగునది యజమాని నీరు. వెలిగించునది యజమాని దీపము. సమ్మె చేసిన మఱునాడే కొందఱు యజమానులు నీరు మాన్పిరి, దీపము లార్పిరి. కొరడాదెబ్బలు తిన్నవారు వచ్చి వీపులు చూపిరి. ఆ గుడిసెలలో నుండి సమ్మె సాగించుట యసాధ్యము. కట్టుబట్టలతోను, కంబళ్లతోను ఇండ్లు విడిచి రండని గాంధీజీ చెప్పెను. వారు వచ్చిరి. న్యూకాసిలులో లాజరసు అను తమిళ క్రైస్తవుని చిన్న యింటికి జన ప్రవాహము వలె వచ్చిరి. ఊరి వర్తకులు వంటపాత్రలు, బియ్యపుబస్తాలు, పప్పు ఇచ్చిరి. ఆ వర్తకులకు మూడు పౌనుల పన్ను లేదు. కూలీల కష్టము వారి కష్టము కాదు. అయినను ఇచ్చిరి. ఈ యిచ్చుటయే సమ్మె.

ఆ జనమునంతను ఎన్నాళ్లు పోషింపగలరు? అందుచేత ట్రాన్సువాలు సరిహద్దు దాటి అందఱును చెఱసాలకు పోవలెనని నిశ్చయించిరి. చార్లెస్ టౌను అను సరిహద్దు గ్రామమున గాంధీజీయే వంటలకు పెద్దయై గరిటె పట్టెను. ఒకనాడు పప్పులో నీ రెక్కువ; ఒకనాడు అన్నము ఉడికీ ఉడుకక యుండెను. ఎవరును సణుగలేదు. 1913 నవంబరు 6వ తేదీ ఉదయమున 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు సరిహద్దువైపు నడిచిరి. ఒక్కొక్కరికి దినమునకు ఒకటిన్నర పౌను రొట్టె, ఒక ఔన్సు చక్కెర. దారిలో ఇద్దఱు తల్లుల పసిబిడ్డలు చనిపోయిరి. ఒక బిడ్డ చలికి, వేఱొక బిడ్డ ఏటిని దాటునప్పుడు తల్లి చేతినుండి జారి. ఆ తల్లులు వెనుకకు మరలలేదు. ఈ పద్దు చదివిన తరువాత సమ్మె యనగా పని తప్పించుకొనుట యని ఎవరైన అనగలరా?

నాలుగు దినములలో గాంధీజీని మూడుసార్లు పట్టుకొనిరి. పాదచారులను రైళ్లలో నెక్కించి నేటాలుకు తిరిగి పంపిరి. గనుల ఆవరణములనే చెఱసాలలుగా ప్రకటించి, గని యుద్యోగులనే కావలివారిగా నియమించి, కొట్టి పని చేయింపజూచిరి. నాయకులందఱును చెఱలో నున్నారు. ఇక సమ్మె ముగిసినదనియే ప్రభుత్వము తలచియుండును. సరిగా అప్పుడే సముద్రతీరపు చెఱకుతోటలలో కూలీలు కత్తులు క్రిందపెట్టిరి. డర్బను రేవులోను, రైల్వేలోను, హోటళ్లలోను పనివారు పని మానిరి. మొత్తముమీద పని మానినవారు సుమారు ఇఱువది వేలు. వారిని రమ్మని పిలిచిన నాయకుడు లేడు. తోటల సమ్మెకు గాంధీజీ పథకము వేయలేదు. చదువురాని కూలీలే తమంతట తాము నిశ్చయించుకొనిరి. మౌంట్ ఎడ్జ్‌కూంబు, ఎస్పరాంజా మొదలైన చోట్ల పోలీసుల కాల్పులలో కొందఱు మరణించిరి. జొహానెస్‌బర్గుకు చెందిన వల్లియమ్మ అను పదునాఱేండ్ల బాలిక చెఱలో జ్వరపడి, విడుదలైన కొలది దినములకే 1914 ఫిబ్రవరి 22వ తేదీన కన్నుమూసెను. మన పదవ తరగతి బాలికల వయస్సు ఆమెది.

ఆ డిసెంబరులో ప్రభుత్వ మొక విచారణసంఘమును నియమించెను. అందు భారతీయుల పక్షమున నొక్కరైనను లేరు. సభ్యులలో ఇద్దఱు భారతీయులయెడ విరోధము గలవారుగా ప్రసిద్ధులు. భారతీయులు ఆ సంఘము నెదుట సాక్ష్య మిచ్చుట మానిరి. పనిని బహిష్కరించిన చేతులు ఇప్పుడు మాటను బహిష్కరించెను. మఱియొక విశేషము కూడ గమనింపదగినది. 1914 జనవరిలో తెల్ల రైల్వే కార్మికులు తమ కోరికలకై పెద్ద సమ్మె చేసిరి. ప్రభుత్వము ఇఱుకున పడెను. అదే సమయమున భారతీయులు గూడ తిరిగి నడక ప్రారంభించియుండిన ప్రభుత్వము ఉక్కిరిబిక్కిరి అయ్యెడిది. గాంధీజీ తలపెట్టిన నడకను నిలిపివేసెను. ఎదిరి జారిపడినప్పుడు దెబ్బ తీయుట తమ పద్ధతి కాదనెను. ఆ తరువాత జనరల్ స్మట్సుతో సంధి కుదిరెను. 1914లో చేసిన చట్టముతో మూడు పౌనుల పన్ను రద్దయ్యెను. భారతీయ వివాహములు చెల్లునని యంగీకరింపబడెను.

ఇంతవఱకు చెప్పి ముగించిన కథ తీయగానే యుండును. కాని సత్యము పూర్తి కాదు. భారతీయులకు ఓటు రాలేదు. భూమిమీద, నివాసముమీద, వ్యాపారముమీద నున్న నిర్బంధములు పోలేదు. అంతకంటె పెద్ద లోప మొకటి కలదు. ఆ 1913 జూనులోనే దక్షిణాఫ్రికా ప్రభుత్వము ఆఫ్రికనుల భూమి చట్టమును చేసెను. దేశమునకు మొదటి హక్కుదారులైన నల్లవారికి నూటికి ఏడు పాళ్ల భూమి మాత్రమే మిగిల్చి, తక్కిన భూమిని వారు కొనరాదనెను. మనవారి పోరాటము ఆ యన్యాయమును తనదిగా నెంచలేదు. ఆనాటి మన నాయకుల వ్రాతలలో, గాంధీజీ తొలినాటి వ్రాతలలో సైతము, ఆఫ్రికనులను చిన్నచూపు చూచిన మాటలు కలవు. ఒక జాతి అహంకారమునకు లోనై బాధపడుచున్నవారు, తమకంటె క్రింద నున్నవారిని గాంచి "మేము వీరివంటివారము కాము" అని తలచుట మానవస్వభావములోని దుర్బలత్వము. ఆ దుర్బలత్వమే పీడకునకు పెట్టని కోట.

ఇక అమెరికాకు పోదము. అలబామా రాష్ట్రములోని మాంట్‌గోమరీ నగరమున సిటీ బస్సులలో ముందు వరుసలు తెల్లవారివి. నల్లవా రందఱివలెనే పది సెంట్లు చెల్లింతురు. కాని ముందు ద్వారమున డబ్బిచ్చి, దిగి, వెనుక ద్వారమున నెక్కవలసి వచ్చెడిది. తెల్లవాడు నిలబడియున్న నల్లవారు లేచి చోటీయవలెను. ఆ బస్సులలో నెక్కువారిలో నాలుగింట మూడు వంతులమంది నల్లవారే! బస్సు సంఘపు రాబడిలో అధికభాగము ఎవరి చేతినుండి వచ్చుచున్నదో వారినే ఆ బస్సు అవమానించుచుండెను.

1955 మార్చి 2వ తేదీన క్లాడెట్ కాల్విన్ అను పదునైదేండ్ల ఉన్నతపాఠశాల విద్యార్థిని లేవనని కూర్చుండి నిర్బంధింపబడెను. ఆమె పేరు చాలమందికి తెలియదు. డిసెంబరు 1వ తేదీన రోజా పార్క్సు అను కుట్టుపని చేయు స్త్రీ అట్లే నిర్బంధింపబడెను. ఆ రాత్రియే జో ఆన్ రాబిన్సన్ అను కళాశాల ఉపాధ్యాయిని వేలకొలది కరపత్రములు అచ్చుతీయించి, తెల్లవారునప్పటికి పాఠశాలల ద్వారమున నింటింటికి చేర్పించెను. డిసెంబరు 5వ తేదీనుండి నల్లవారు బస్సెక్కుట మానిరి. ఇఱువదియాఱేండ్ల యువకుడైన మార్టిన్ లూథర్ కింగ్ ఆ యుద్యమమునకు అధ్యక్షుడుగా నెన్నుకొనబడెను.

ఒకనాటి కోపము ఒకనాటితో చల్లారును. ఆ బహిష్కారము 381 దినములు నడచుట కోపమువలన కాదు, ఏర్పాటువలన. నల్లవారి టాక్సీలు తొలుత బస్సు ఛార్జీకే మనుషులను చేరవేసెను. టాక్సీకి నలుబదియైదు సెంట్లకు తక్కువ తీసికొనరాదని నగరాధికారులు పాత నిబంధనను పైకి తీసిరి. అప్పుడు సొంత కార్లు గలవారు తమ కార్లను ఇచ్చిరి. సుమారు మూడువందల బండ్లు వేళలప్రకారము, నిర్ణీతస్థలములనుండి కూలీలను, పనిమనిషులను చేరవేయుచు వచ్చెను. కార్లకు పెట్రోలు కావలెను. పెట్రోలుకు డబ్బు కావలెను. జార్జియా గిల్మోర్ అను వంటమనిషి, ఉద్యమములో చేరినందుకు పని పోగొట్టుకొని, ఇంటిలోనే వండి, తోడి స్త్రీలతో కలసి భోజనములు, పిండివంటలు అమ్మి, వచ్చిన డబ్బును వారము వారము సభలో అప్పగించుచుండెను. బండి దొరకనివారు నడచిరి. వృద్ధులు నడచిరి, వానలో నడచిరి. 1956 జనవరిలో కింగు ఇంటిమీద బాంబు పడెను. అతని భార్య, చంటిబిడ్డ ప్రాణాలతో బయటపడిరి. ఫిబ్రవరిలో ఎనుబదిమందికి పైగా నాయకులమీద బహిష్కారనేరము మోపిరి. నడక ఆగలేదు. తుదకు 1956 నవంబరు 13న అమెరికా అత్యున్నతన్యాయస్థానము బస్సులలోని వర్ణవిభజన చెల్లదని తేల్చెను. ఆ దావాలోని వాదులలో పదునైదేండ్ల నాడు లేవనని కూర్చున్న క్లాడెట్ కాల్విన్ ఒకతె. తీర్పు వ్రాసినది న్యాయమూర్తులే. కాని ఆ తీర్పు వచ్చువఱకు తల వంచక నిలిచినది నడచినవారి పాదములు.

తిరిగి డర్బనుకు రండు. 1913లో చెఱకుతోటలు నిశ్శబ్దమైన ఆ నేటాలులోనే, అఱువది యేండ్ల పిమ్మట, 1973 జనవరి 9వ తేదీన ఒక ఇటుకల కర్మాగారమున దాదాపు 2,000 మంది ఆఫ్రికను కార్మికులు పని మానిరి. చట్టప్రకారము ఆఫ్రికనులకు సమ్మె చేయు హక్కు లేదు. అయినను కర్మాగారమునుండి కర్మాగారమునకు సమ్మె వ్యాపించి, మూడు నెలలలో అఱువది వేలమందికి పైగా పాల్గొనిరి. పలుచోట్ల భారతీయ కార్మికులు కూడ వారితోపాటు బయటకు వచ్చిరి. మీ నాయకుని పంపుడని యజమానులు కోరగా కార్మికులు ఎవరినిగాని పంపలేదు. పంపినవాడు చెఱకు పోవునని వారు ఎఱుగుదురు. నాయకుని పేరు లేని సమ్మెను ఎవరిని బంధించి అణచగలరు? 1913లో నాయకులు చెఱలో నున్నప్పుడు చెఱకుతోటల కూలీలు చూపినదియు ఈ బలమే. కాని ఈసారి భేద మున్నది. 1947 మార్చిలో భారతీయ, ఆఫ్రికను కాంగ్రెసుల నాయకులు ముగ్గురు వైద్యులు కలసి పనిచేయుదుమని సంతకము చేసియుండిరి. పూర్వము విడివిడిగా నడచినవారు క్రమముగా కలసి నడచుట నేర్చిరి. 1979లో ఆఫ్రికనుల కార్మికసంఘములకు చట్టములో గుర్తింపు వచ్చెను. 1985లో డర్బనులోనే వర్ణభేదము లేని గొప్ప కార్మిక సమాఖ్య వెలసెను. 1994 ఏప్రిలులో ఎల్ల రంగులవారు ఒకే వరుసలో నిలిచి ఓటు వేసిరి. స్వాతంత్ర్యమునకు ముందే, 1946లో, భారతదేశము దక్షిణాఫ్రికాతో వ్యాపారము మానివేసి ప్రపంచమున మొదటి బహిష్కారమును ప్రకటించినదని కూడ మనము గర్వముతో స్మరింపవచ్చును.

ఇచ్చట కొందఱు పెద్దలు ఒక యభ్యంతరము చెప్పుదురు. సమ్మెవలన అమాయకులకు కష్టము కలుగదా? బస్సు నడపు డ్రైవరు, దుకాణములో చిన్న గుమాస్తా ఏ పాపము చేసిరి? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నిరాకరణము కత్తి వంటిది. పదును ఇరువైపుల నుండును. కాని పైన చెప్పిన పోరాటములలో మొదటి గాయము నిరాకరించినవారికే తగిలినది. కూలి పోయినది వారికి. ఇల్లు పోయినది వారికి. బిడ్డలు పోయినది వారికి. తాను ముందుగా నష్టపడుటకు సిద్ధపడి, ఎదిరి మనస్సును మార్ప జూచువాని నిరాకరణమునకును, తనకు నష్టము లేకుండ ఇతరులను బాధించువాని నిరాకరణమునకును భూమ్యాకాశములంత భేద మున్నది. మొదటిది తపస్సు, రెండవది బెదిరింపు.

ఇక విద్యార్థి సోదరులకును, సోదరీమణులకును ఒక మాట. లెక్కల పరీక్ష కష్టముగా నున్నదని తరగతి విడిచి మైదానములో గుమిగూడి, దానికి సమ్మె యని పేరు పెట్టుట నేను చూచియున్నాను. న్యూకాసిల్ త్రోవలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లి చేసిన పనికిని దీనికిని ఒకే పేరా? పేరును చౌకచేసిన నాడు అవసరము వచ్చినప్పుడు ఆయుధము మొక్కవోయి యుండును. దేనినైన నిరాకరింపదలచినప్పుడు మూడు ప్రశ్నలు మీకు మీరే వేసికొనుడు. మొదట మర్యాదగా అడిగితిమా? దీనివలన కలుగు నష్టమును అందఱము సమముగా పంచుకొనుటకు సిద్ధముగా నుంటిమా? మేము కోరునది మాకు మాత్రమేనా, మావలె బాధపడు ఇతరులకు కూడనా?

పరభాషాప్రాంతములో మన భాషను కాపాడుకొనుచున్న మనకు ఈ మూడవ ప్రశ్న ముఖ్యము. మనకు ఓటు కలదు, న్యాయస్థానములు కలవు, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో చదువు చెప్పించుటకు వసతు లేర్పఱుపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము కలదు. నేటాలు కూలీలకు వీనిలో నొక్కటియు లేదు. కావున మన మొదటి మార్గము అర్జీయే, సంతకమే, సభయే. పాఠ్యపుస్తకములు వేళకు రాకున్నను, తెలుగుపండితుని స్థానము ఖాళీగా నున్నను, తల్లిదండ్రులు ఒక్కరొక్కరుగా కార్యాలయముల చుట్టు తిరుగుట మాని, కలసి పోయి అడుగవలెను. దారిఖర్చులు లేని తండ్రికి పొరుగింటి తండ్రి ఖర్చులీయవలెను. మాంట్‌గోమరీలో కార్లు గలవారు చేసిన దిదియే. అడుగునప్పుడు, మన బడి ప్రక్కనే యున్న సవర, కోయ, కువి బాలబాలికల మాట కూడ కలిపి అడుగవలెను. "వారి సంగతి మనకెందుకు?" అనుకొన్న నాడు నేటాలులో మనవారు చేసిన తప్పునే మనము చేసినవార మగుదుము.

తెలుగు తెలిసియు తెలుగక్షరము లెఱుగని తంబి నాయుడు గనికూలీల గుండెలను కదిలింపగలిగెను. మనకు ఆ యక్షరములు కూడ కలవు. వానితో వ్రాయు మొదటి అర్జీలో మన పేరుతోపాటు మన పొరుగువాని పేరును కూడ వ్రాయుదము.